మురిగిపోయే ఓటు ఏది?

మిర్చి కోతలు ముగిసి, కల్లాలు ఖాళీ అయి, టిక్కీలు శీతల గిడ్డంగులకు చేరేసరికి మన ప్రాంతంలో ఎండలు ముదురుతాయి. ఇటీవలి ఎన్నికలన్నీ ఆ ఎండల్లోనే వచ్చాయి. గుంటూరు మొదలుకొని సత్తెనపల్లి, పిడుగురాళ్ల, దర్శి, మార్కాపురం దాకా ఏ ఊరి అరుగు మీద కూర్చున్నా ఆ రోజుల్లో వినిపించే మాట ఒకటుంది. హైదరాబాదు నుంచి ఓటు కోసం వచ్చిన కొడుకు, "అబ్బా, ఆ మూడో అభ్యర్థి మంచివాడు కదా! ఊరి కష్టంలో నిలబడ్డాడు. అతనికెందుకు వేయకూడదు?" అని అడుగుతాడు. తండ్రి నవ్వి, "మంచివాడేరా! కానీ గెలవడు. గెలవనివాడికి వేస్తే ఓటు మురిగిపోయినట్టే" అంటాడు.

ఆ తండ్రి మాటను తేలికగా కొట్టివేయలేము. ఎన్నో ఎన్నికలు చూసిన అనుభవం దాని వెనుక ఉంది. ఆ కొడుకు ప్రశ్ననూ తోసిపుచ్చలేము, అందులో మనస్సాక్షి ఉంది. ఈ ఇద్దరి మధ్య విశ్వాసి ఎక్కడ నిలబడాలో ఈ వ్యాసంలో పరిశీలిద్దాము. మేము ఏ పార్టీకీ ఓటు అడగడం లేదు, ఏ పార్టీకీ వేయవద్దని చెప్పడం లేదు. అసలు 'మురిగిపోయే ఓటు' అంటే ఏమిటన్నదే మా ప్రశ్న.

లెక్క ఏమి చెబుతోంది?

మన దేశంలో పోటీ చేసినవారిలో అందరికన్నా ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవారే విజేత. సగానికి పైగా ఓట్లు రావాలన్న నియమం లేదు. ఓడినవారికి పడిన ఓట్లకు సభలో వాటా లేదు. తండ్రి భయానికి మూలం ఇదే.

ఆ భయానికి చరిత్రలో ఆధారాలున్నాయి. 1955లో ఆంధ్ర రాష్ట్ర శాసనసభకు జరిగిన ఎన్నికల్లో కమ్యూనిస్టులకు సుమారు 31 శాతం ఓట్లు వచ్చాయి. 196 స్థానాల సభలో వారికి దక్కినవి 15 మాత్రమే. అంతకు మూడేళ్ల ముందు, 1952లో, అంతకన్నా తక్కువ శాతం ఓట్లతోనే ఆ పార్టీ ఆంధ్ర ప్రాంతంలో 41 స్థానాలు గెలిచింది. ప్రత్యర్థులు విడివిడిగా నిలిచినప్పుడు ఒక ఫలితం, ఒక్కటైనప్పుడు మరో ఫలితం వచ్చింది. 2009లో ప్రజారాజ్యం పార్టీ సుమారు 16 శాతం ఓట్లు సంపాదించి, 294 స్థానాలలో 18 మాత్రమే గెలుచుకుంది. అదే ఎన్నికలో లోక్‌సత్తాకు దక్కినది ఒకే ఒక్క స్థానం, కూకట్‌పల్లి.

మన గుంటూరు జిల్లాలోని మంగళగిరినే చూడండి. 2014 శాసనసభ ఎన్నికలో అక్కడ గెలుపోటముల మధ్య తేడా కేవలం 12 ఓట్లు. పక్కనే ఉన్న విజయవాడ సెంట్రల్‌లో 2019లో ఆ తేడా 25 ఓట్లు. అక్కడ బరిలో నిలిచిన మూడో పక్షం అభ్యర్థికి వేల ఓట్లు వచ్చాయి. ఇటువంటి చోట మూడో అభ్యర్థికి వేసిన ఓటు మొదటి ఇద్దరి తలరాతను మార్చగలదన్నది కాదనలేని నిజం. కనుక 'ఓట్లు చీలిపోతాయి' అన్న మాటలో పస లేదని మేము అనము.

అయితే ఆ లెక్కకు మరో ముఖం ఉంది. ఇదే నేల 1952 తొలి సాధారణ ఎన్నికలలో గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు లోక్‌సభ స్థానాల నుంచి స్వతంత్ర అభ్యర్థులను గెలిపించి ఢిల్లీకి పంపింది. దేశమంతటా కాంగ్రెస్ గాలి వీస్తున్న కాలమది. నిడుబ్రోలు రైతుబిడ్డ ఆచార్య ఎన్.జి. రంగా 1951లో కాంగ్రెస్‌ను వీడి కృషికార్ లోక్ పార్టీ స్థాపించారు. ఒంగోలు సమీపంలోని వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులు కూడా కాంగ్రెస్ నుంచి బయటికి వచ్చి, కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీ పక్షాన నిలిచారు. ఆ ఎన్నికల్లో మద్రాసు శాసనసభకు ప్రజాపార్టీ నుంచి 35 మంది, రంగా పార్టీ నుంచి 15 మంది ఎన్నికయ్యారు. 375 స్థానాల ఆ సభలో కాంగ్రెస్ 152 దగ్గరే ఆగిపోయింది. 'వీళ్లు ఎలాగూ గెలవరు' అని నాటి రైతులు అనుకుని ఉంటే ఈ చరిత్ర ఉండేది కాదు. గెలవరని అందరూ అనుకోవడం వల్లనే గెలవలేని అభ్యర్థులు ఎందరో ఉంటారు.

ఒక్క ఓటు విలువ ఎంతో తెలియాలంటే ప్రకాశం పంతులుగారి కథనే మరికొంత ముందుకు చదవాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి ఆయన తొలి ముఖ్యమంత్రి అయ్యారు. మద్యనిషేధం మీద రేగిన వివాదంలో 1954 నవంబరులో ఆయన ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం వచ్చింది. అది నెగ్గింది ఒకే ఒక్క ఓటు తేడాతో. ప్రభుత్వం పడిపోయింది.

ఓటు ఒక సాక్ష్యం

లెక్క ఇంతవరకే చెప్పగలదు. ఇక ధర్మం ఏమి చెబుతుందో చూద్దాము.

ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మలై) వంటి పండితులు ఓటును మూడు విధాలుగా వివరించారు. ఒకటి, అది షహాదత్, అంటే సాక్ష్యం. ఈ పదవికి ఈ మనిషి అర్హుడని మనం పలికే సాక్ష్యం. రెండు, అది సిఫారసు. మూడు, అది వకాలత్, అంటే మన తరఫున, మన ఊరందరి తరఫున ఒకరిని ప్రతినిధిగా నియమించడం. ఈ మూడింటిలో ఏది తీసుకున్నా, రేపు అల్లాహ్ ఎదుట జవాబు చెప్పుకోవలసిన పనే.

సాక్ష్యం గురించి దివ్య ఖుర్ఆన్ ఎంత కఠినంగా మాట్లాడిందో మనకు తెలుసు. న్యాయం కోసం నిలబడండి, ఆ సాక్ష్యం మీకో, మీ తల్లిదండ్రులకో, బంధువులకో వ్యతిరేకమైనా సరే అల్లాహ్ కోసం పలకండి అని అన్నిసా సూరా (4:135) ఆదేశిస్తోంది. సాక్ష్యాన్ని దాచవద్దని అల్ బఖరా (2:283) హెచ్చరిస్తోంది. ఒక వర్గం మీద ఉన్న పగ కూడా మిమ్మల్ని న్యాయం నుంచి తప్పించకూడదని అల్ మాయిదా (5:8) చెబుతోంది. అమానతులను వాటి అర్హులకే అప్పగించమన్నది మరో ఆదేశం (4:58).

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. న్యాయస్థానంలో సాక్షిని 'ఈ కేసు ఎవరు గెలుస్తారనుకుంటున్నావు?' అని అడగరు. 'నీకు తెలిసిన నిజం ఏమిటి?' అని అడుగుతారు. తన పక్షం ఓడిపోయినంత మాత్రాన నిజం చెప్పిన సాక్షి మాట వృథా కాదు. పక్షం గెలిచినా, అబద్ధం చెప్పిన సాక్షి పాపం పోదు.

మరి తండ్రి తప్పు చేస్తున్నాడా?

అలా తీర్పు చెప్పడానికి తొందరపడకూడదు. రెండు హానులలో ఒకటి తప్పనప్పుడు చిన్న హానిని ఎంచుకోవచ్చునన్నది ఫిఖ్‌హ్ శాస్త్రంలో స్థిరపడిన సూత్రం. గెలిచే అవకాశమున్న ఇద్దరిలో ఒకరి వల్ల ఊరికి, బలహీనులకు, మన ప్రాణానికో గౌరవానికో పెద్ద ప్రమాదం ఉందని తెలిసినప్పుడు, దానిని ఆపడానికి రెండోవారికి ఓటు వేయడం కూడా మనస్సాక్షి ఓటే. దానిని పిరికితనమనడం అన్యాయం.

అయితే ఆ సూత్రానికి హద్దులున్నాయి. హాని నిజమైనదై ఉండాలి, ఊహించుకున్న భయం కాకూడదు. ప్రతి ఎన్నికలోనూ రెండు పక్షాలూ 'మేము రాకపోతే మీ పని అయిపోయినట్టే' అని భయపెడుతూనే ఉంటాయి. ఆ మాటను ప్రతిసారీ నమ్మితే మంచివాడికి ఓటు వేసే రోజు మన జీవితంలో ఎన్నటికీ రాదు. రెండో హద్దు, చిన్న హానిని ఎంచుకున్నవాడు దానిని హాని అనే పిలవాలి. అతడిని మంచివాడని పొగుడుతూ, అతని తప్పులను సమర్థిస్తూ అయిదేళ్లు గడపడం చిన్న హానిని ఎంచుకోవడం కాదు, దానిని ఇంట్లో పెట్టుకుని పెంచడం.

మూడో హద్దు మరీ ముఖ్యం. గెలిచే ఇద్దరి మధ్య మన ఊరికి సంబంధించినంతవరకు పెద్ద తేడా లేదని మనసుకు తోచినప్పుడు, ఇక ఆ సూత్రం మనకు అడ్డు కాదు. అక్కడ అర్హుడైన మూడో అభ్యర్థి ఉంటే అతనికే సాక్ష్యం పలకడం ఉత్తమం. అతడు ఓడినా ఆ ఓట్లు లెక్కలో నిలుస్తాయి. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు దాటితే అతని ధరావతు దక్కుతుంది. శాసనసభకు 10,000 రూపాయలు, లోక్‌సభకు 25,000 రూపాయలు ఒక పేద అభ్యర్థికి చిన్న మొత్తాలు కావు. ఆ ఓట్ల సంఖ్యను చూసి తర్వాతి ఎన్నికలో పెద్ద పార్టీలు సైతం తమ అభ్యర్థిని మార్చుకోవలసి రావచ్చు, తమ హామీని మార్చుకోవలసి రావచ్చు.

మూడోవాడనగానే మంచివాడు కాడు

ఇక్కడ మరో పొరపాటుకు తావుంది. పెద్ద పార్టీల మీద కోపంతో, బరిలో ఉన్న ఏ మూడోవాడినైనా నీతిమంతుడనుకోవడం కూడా సాక్ష్యానికి చేసే ద్రోహమే. ప్రజారాజ్యాన్ని మార్పు కోసం ఎంచుకున్న లక్షలాది మంది, రెండేళ్లు తిరగకముందే 2011లో అది కాంగ్రెస్‌లో కలిసిపోవడం చూశారు. 2014లో చీరాల ఓటర్లు రెండు పెద్ద పార్టీలనూ కాదని నవోదయం అనే చిన్న పార్టీ అభ్యర్థిని గెలిపించారు. అయిదేళ్లు తిరిగేసరికి ఆయన రాష్ట్రంలోని రెండు పెద్ద పార్టీల శిబిరాలలోనూ కనిపించారు. ఎవరి కారణాలు వారికి ఉండవచ్చు. అయితే పెద్ద పార్టీలకు దూరంగా వేసిన ఓటు చివరికి వాటి గూటికే చేరవచ్చునని ఓటరు ముందే గుర్తెరగాలి.

మిర్చి ఎండిన తర్వాత మన ఇళ్లలోని ఆడవారు కల్లంలో కూర్చుని ఒక్కొక్క కాయనూ చూసి తాలును ఏరివేస్తారు. మన చేను కాయ అని తాలును వదిలిపెట్టరు, వదిలితే టిక్కీ మొత్తానికి ధర పడిపోతుంది. అభ్యర్థులనూ అలాగే ఏరవలసి ఉంది.

ప్రతి అభ్యర్థీ నామినేషనుతో పాటు తన మీద ఉన్న క్రిమినల్ కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు వివరాలతో ప్రమాణపత్రం సమర్పించవలసి ఉంటుంది. ఎన్నికల సంఘం దానిని అందరికీ అందుబాటులో ఉంచుతుంది. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే దానిని పెద్దలకు చదివి వినిపించాలి. ఇక అభ్యర్థి మన వాకిట్లోకి వచ్చినప్పుడు అడగవలసిన ప్రశ్నలు మన పొలంలోనే ఉన్నాయి. 2017లో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం క్వింటాలుకు 5,000 రూపాయలు, 2025లో 11,781 రూపాయలు మద్దతుగా ప్రకటించింది. అటువంటి ప్రకటన రైతు సరుకు అమ్ముకోకముందే రావడానికి మీరేమి చేస్తారు? 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు రైతుకు కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి. సంతకం దొరకని కౌలుదారుకు మీ సమాధానమేమిటి? నల్ల తామర పురుగు మిర్చిని, గులాబీ రంగు పురుగు పత్తిని తినేసిన ఏడాది అప్పులవాళ్లు ఇంటి మీదికి వచ్చినప్పుడు మీరు ఎక్కడ ఉన్నారు? సాగర్ కాలువ చివరి భూములకు నీరు ఎప్పుడు? వీటికి సూటిగా జవాబు చెప్పినవారెవరో, తప్పించుకున్నవారెవరో గుర్తుంచుకోవాలి. పనికి పెట్టుకోదగినవాడు సమర్థుడు, నమ్మకస్తుడు అయి ఉండాలని అల్ ఖసస్ సూరా (28:26) చెప్పిన రెండు కొలతలూ ఇక్కడ సరిపోతాయి. నమ్మకం ఉండి సమర్థత లేకపోతే పని కాదు, సమర్థత ఉండి నమ్మకం లేకపోతే పని మనకోసం కాదు.

'మనవాడు' అన్న ఒక్క కొలతతో తృప్తి పడటం కూడా చాలదు. 2024లో గుంటూరు తూర్పు నియోజకవర్గంలో తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్, కాంగ్రెస్ మూడూ ముస్లిం అభ్యర్థులనే నిలబెట్టాయి. పేరు ఒక్కటే కొలత అయితే అక్కడి ఓటరు ఎవరికి వేయాలి? చివరికి గుణమే చూడక తప్పదు. మనవాడు లేని నియోజకవర్గంలోనూ చూడవలసింది ఆ గుణాన్నే. మతం పేరుతో ఓటు అడగడం చట్టరీత్యా కూడా అవినీతి చర్యేనని సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2017 జనవరిలో మెజారిటీ తీర్పునిచ్చింది. మస్జిదు మింబరు న్యాయాన్ని బోధించడానికే గాని పార్టీ గుర్తు చెప్పడానికి కాదు.

నోటు తీసుకున్న చేయి

పోలింగుకు ముందు రాత్రి వీధుల్లోకి వచ్చే కవర్ల గురించి మాట్లాడకపోతే ఈ వ్యాసం బూటకమవుతుంది. లంచం ఇచ్చేవాడినీ తీసుకునేవాడినీ దైవప్రవక్త (స) శపించారని అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాలలో ఉంది. సాక్ష్యానికి వెల కట్టడం లంచం కాక మరేమిటి? 'అందరి దగ్గరా తీసుకుంటాం, నచ్చినవాడికే వేస్తాం' అనేవారున్నారు. అది తెలివి అనిపించవచ్చు. కానీ అది లంచాన్ని ధర్మసమ్మతం చేయదు. ఆ ఖర్చును గెలిచినవాడు రాబట్టుకునేది మళ్లీ మన నుంచే.

కొన్నిచోట్ల డబ్బు చేతిలో పెట్టి ప్రమాణం చేయించుకుంటారు. ఆ ప్రమాణానికి భయపడి, తప్పని తెలిసి కూడా అనర్హుడికి ఓటు వేసే అమాయకులున్నారు. వారికి మేము చెప్పేదొకటే. ఒక పని చేస్తానని ప్రమాణం చేసినవాడికి దానికన్నా మేలైనది కనబడితే మేలైనదే చేసి, ప్రమాణానికి పరిహారం చెల్లించాలని ప్రవక్త (స) బోధించారు. ఆ పరిహారం పదిమంది పేదలకు భోజనం పెట్టడమో, దుస్తులివ్వడమో, ఆ స్తోమత లేకపోతే మూడు రోజులు ఉపవాసం ఉండటమో అని అల్ మాయిదా (5:89) తెలుపుతోంది. డబ్బు తిరిగి ఇచ్చేయాలి. వివరాల కోసం మీ ఊరి ఆలిమ్‌ను సంప్రదించండి. 'ఎవరికి వేశామో వాళ్లకు తెలిసిపోతుంది' అన్న భయమూ వద్దు. ఓటు యంత్రం పక్కన కనబడే చీటీ ఏడు సెకన్లు ఉండి పెట్టెలోకి జారిపోతుంది, ఎవరి చేతికీ రాదు. ఓటు రహస్యమన్నది చట్టం మనకిచ్చిన రక్షణ.

ఇంటి ఆడవారి సాక్ష్యం

మన ఇళ్లలో ఇంటి పెద్ద చెప్పిన గుర్తుకే అందరూ వేయడం ఆనవాయితీ. సాక్ష్యం ఎవరిది వారిదే అయినప్పుడు, ఒకరి సాక్ష్యాన్ని మరొకరు ఎలా పలకగలరు? హజ్రత్ ఉమర్ (రజి) తర్వాత ఖలీఫాను ఎన్నుకునే బాధ్యత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మీద పడినప్పుడు, ఆయన మదీనాలో రేయింబవళ్లు ఇంటింటికీ తిరిగి, పరదాలోని స్త్రీల అభిప్రాయం కూడా అడిగారని చరిత్రకారుడు ఇబ్నె కసీర్ రాశారు. ఆ నాటి మదీనా అడిగిన అభిప్రాయాన్ని మన ఇల్లు అడగకపోవడం ఏమి న్యాయం? గుంటూరు శీతల గిడ్డంగుల దగ్గర ఘాటు పీలుస్తూ మిర్చి తొడిమలు తీసే మన అక్కచెల్లెళ్లకు కూలి రేటు, మరుగుదొడ్డి, దగ్గు మందు గురించి ఏ నాయకుడికన్నా ఎక్కువ తెలుసు. భర్త, తండ్రి, అన్న సలహా ఇవ్వవచ్చు, ఆజ్ఞాపించకూడదు.

ఎవరూ అర్హులు కారనిపిస్తే?

2013 సెప్టెంబరు 27 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఓటు యంత్రం మీద 'నోటా' మీట వచ్చింది. దానికి ఎన్ని ఓట్లు వచ్చినా, మిగిలినవారిలో ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుస్తారు. ఏ ఒక్కరి అర్హత మీదా సాక్ష్యం పలకలేని స్థితిలో అది నిజాయితీ గల మౌనమే. అయితే వివరాలు తెలుసుకునే శ్రమ తప్పించుకోవడానికి నోటా నొక్కడం, ఇంట్లో పడుకోవడం సాక్ష్యాన్ని దాచడం కిందికే వస్తాయి. 2024లో దర్శి నియోజకవర్గంలో 90 శాతానికి పైగా పోలింగు జరిగింది. బూత్‌దాకా నడవడంలో మన ప్రజలు ఎవరికీ తీసిపోరు. నడిచే ముందు కాసేపు ఆలోచించడమే మిగిలింది.

ఓటు తర్వాత

2024 మే 13 పోలింగు నాడు, ఆ తర్వాత పల్నాడులో జరిగిన ఘర్షణలు, ఊళ్ల మీద విధించిన 144వ సెక్షన్ మనమింకా మరచిపోలేదు. ఒకే కాలువ నీరు తాగే ఇరుగుపొరుగు, ఒకే వరుసలో నమాజు చేసే సోదరులు గుర్తుల కోసం మాటలు మానేసిన సందర్భాలూ ఉన్నాయి. ఏ అభ్యర్థీ పొరుగువాడి హక్కు కన్నా పెద్దవాడు కాడు. మనం మనస్సాక్షిని అనుసరించి ఒకరికి వేసినట్లే, ఎదుటి ఇంటివారూ తమ మనస్సాక్షిని అనుసరించి మరొకరికి వేసి ఉంటారని అనుకోవడం విశ్వాసికి తగిన మంచి తలంపు.

ఇక మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాము. ఓడినవాడికి వేసిన ఓటు మురిగిపోయిన ఓటు కాదు. మురిగిపోయేది అమ్ముకున్న ఓటు. బెదిరింపుకు లొంగి వేసిన ఓటు, ఏమీ తెలుసుకోకుండా వేసిన ఓటు, ఇంకొకరు నొక్కమన్న చోట నొక్కిన ఓటు కూడా అటువంటివే. ఆ తండ్రి పెద్ద హానిని ఆపడానికి ఆలోచించి వేస్తే అతని ఓటు వృథా కాదు. ఆ కొడుకు విచారించి, అర్హుడని నమ్మి మూడోవాడికి వేస్తే అతని ఓటూ వృథా కాదు. ఒకే ఇంట్లో రెండు గుర్తులకు పడిన ఆ రెండు ఓట్లూ ఒకే అల్లాహ్ ఎదుట నిజమైన సాక్ష్యాలుగా నిలవగలవు.

మన నాలుకను, మన వేలిని నిజం మీద నిలిపే శక్తిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.